మన చేతుల మాట

(భివండీ పద్మనగరములో ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము యిప్పుడే అయినది. ఎవరికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నది అందరమూ విన్నాము. ఆ వెంటనే మాట్లాడుమని కార్యదర్శిగారు మమ్మల్ని నిలబెట్టారు. ప్రతి సంవత్సరమూ యీ వేదికమీద మన పిల్లలకు తెలుగు దూరమైపోవుటను గూర్చి పెద్దలు చెపుతూనే వున్నారు. అది అవసరమైన మాటే. కాని మేము అంత పెద్ద విషయము ఎత్తుకొనదలచలేదు. చేతి నొప్పిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొందామని వచ్చాము. దయచేసి నవ్వవద్దు. పండుగనాడు నొప్పుల మాటయేమిటని విసుగుకొనవద్దు. వేపపువ్వు పచ్చడి తిన్న నోటితోనే చెప్పుకొనవలసిన మాట యిది.

మా కుడి చెయ్యి చూడండి. బొటనవ్రేలి మొదట అరచేతిలో అందరికీ ఒక దిండువంటి కండ వుంటుంది. మాకు అక్కడ గుంట వున్నది. పుట్టుకతో వచ్చినది కాదు. ప్రమాదములో పోయినదీ కాదు. రెండు సంవత్సరాలు నొప్పిని దాచుకొన్నందువల్ల వచ్చినది.

మాది నల్లగొండ జిల్లా. మా తాత గుంటమగ్గముమీద నేశాడు. మా నాయన బొంబాయి వచ్చి మిల్లులో నేశాడు. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలై, అది ఎప్పటికీ తెగక, మిల్లులు ఒక్కొక్కటే చల్లారిపోయినప్పుడు మావంటి కుటుంబాలు ఎన్నో భివండీ త్రోవ పట్టినవి. కరీంనగరు, వరంగల్లు, మహబూబునగరు జిల్లాలనుండి తిన్నగా యిక్కడికే వచ్చినవారూ వున్నారు. ఎట్లా వచ్చినా అందరమూ చేరినది సాంచా ముందుకే. భూములు తెచ్చుకొన్నవారము కాము, చదువులు తెచ్చుకొన్నవారమూ కాము. రెండు చేతులు తెచ్చుకొన్నాము. మూడు తరాలుగా ఆ చేతులనే తాకట్టు పెట్టి బ్రతుకుతున్నాము.

2009 ప్రాంతమున మాకు రాత్రిపూట మెలకువ వచ్చుట మొదలైనది. ఏ రెండు గంటలకో మూడు గంటలకో చటుక్కున లేచేవారము. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మొద్దుబారి, లోపల చీమలు ప్రాకుతున్నట్లు వుండేది. చెయ్యి నాలుగుసార్లు విదిలిస్తే తగ్గేది. తగ్గినదిగదా అని మళ్ళీ పడుకొనేవారము. చెయ్యి క్రింద పడి నలిగినదేమో అనుకొన్నాము. కొన్నాళ్ళకు పగలుకూడా మొదలైనది. తెగిన పోగుకు ముడివేస్తూవుంటే పోగు వ్రేళ్ళ మధ్య వున్నదో లేదో తెలిసేది కాదు. కంటితో చూచి నమ్మవలసి వచ్చేది. నేతగానికి యింతకన్న భయమేమున్నది? పోగును చూడకుండా ముడివేసే వ్రేళ్ళు మావి.

ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో చెప్పితే సాంచాలు తగ్గిస్తారని భయము. ఆరు సాంచాలు నడిపేవానికి నాలుగు యిస్తే పగారులో మూడవవంతు పోయినట్లే. ఆ సంవత్సరము మా పెద్దమ్మాయి పెండ్లి మాటలు నడుస్తున్నవి. బామ్ రాసుకొని, మందుల దుకాణములో నొప్పి బిళ్ళ కొని వేసుకొని పోతూవుండేవారము. ఒకనాడు నాడె చేతినుండి జారి, దాని యినుప ముక్కు పాదముమీద పడినది. సేఠు వచ్చి, త్రాగి పనికి వచ్చావా అని నలుగురిలో అడిగాడు. త్రాగలేదని చెప్పుకొన్నాముగాని, చెయ్యి పట్టు తప్పినదని మాత్రము చెప్పలేదు. త్రాగుబోతు అనిపించుకొనుటే నయమనిపించినది. ఎందుకంటే త్రాగుబోతుకు రేపు పని వుంటుంది. చెయ్యి పోయినవానికి వుండదు.

చివరకు ఆసుపత్రికి వెళ్ళేసరికి కండ కరిగిపోయి వున్నది. ఆపరేషను కాగితముమీద సంతకము చేసేటప్పుడు మా యింటామెకు సంగతంతా తెలిసినది. "రాత్రిపూట నువ్వు చెయ్యి ఇదిలిస్తుంటే దోమలు కొట్టుకుంటున్నవనుకున్న గదయ్యా" అన్నది. ఆ మాట అన్న తరువాత ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆపరేషను బాగానే జరిగినది. రాత్రి మెలకువలు పోయినవి, చీమలు పోయినవి. పోయిన కండమాత్రము తిరిగి రాలేదు. యీనాటికీ చొక్కా గుండీ పెట్టుకొనుటకు ఎడమచేతి సాయము కావలెను. సన్నపోగు ముడి మా చేతికి యిక లేదు.

యింతకూ చేతిలో జరిగినదేమిటి? వైద్యుడు మాకు చెప్పినదానిని మన పనిభాషలో చెప్పుతాము. మనము నొప్పి వచ్చినదల్లా 'నరము పట్టినది' అంటాము. నిజానికి అక్కడ రెండు రకాల తాళ్ళు వున్నవి. ఒకటి, కండను ఎముకకు కట్టి వ్రేలిని లాగే పగ్గములు, వాటిని స్నాయువులంటారు. రెండవది, మెదడుకూ వ్రేళ్ళకూ మధ్య కబురు మోసే నాడి. మణికట్టులో చిన్న చిన్న ఎముకలు అడుగుగా, గట్టి పట్టీవంటి కణజాలము పైకప్పుగా ఒక యిరుకు దారి వున్నది. ఆ దారిలోనుండి తొమ్మిది స్నాయువులూ ఒక నాడీ కలిసి పోతున్నవి. యిక్కడ మనము ఫణీ అంటున్నాము, వూళ్ళో అచ్చు అనేవారము. దాని ఒక్క సందులో పట్టవలసినదానికన్న ఎక్కువ పోగులు దూరిస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. రాచుకొని నూగు లేస్తుంది, పోగు నలుగుతుంది. మణికట్టులోనూ అంతే. ఒకే పని వేలసార్లు చేసినప్పుడు స్నాయువుల చుట్టూ వున్న పొర ఉబ్బుతుంది. దారి యిరుకు గనుక నాడి నలుగుతుంది. నిద్రలో మణికట్టు వంగిపోయి ఆ యిరుకు మరింత యిరుకవుతుంది. రాత్రిపూట మెలకువ వచ్చేది అందువల్లనే.

ఆ నాడి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము — వీటికే కబురు మోస్తుంది. చిటికెనవ్రేలికి వేరే నాడి వున్నది. కాబట్టి తిమ్మిరి ఏ వ్రేళ్ళకు వస్తున్నదో గుర్తు పెట్టుకొని చెప్పినట్లయితే వైద్యునికి సగము పని తప్పినట్లే.

యీ రోగము మనకొక్కరికే వచ్చినదనుకొనవద్దు. ఊలు అల్లేవారికి, కుట్టుపనివారికి, కసాయి దుకాణములో మాంసము కోసేవారికి, యీకాలమున కంప్యూటరు ముందు కూర్చొనే మన పిల్లలకుగూడా చేతులు నొప్పి పెడుతున్నవి. ఇటలీ దేశములో బెర్నార్దినో రామజ్జినీ అనే వైద్యుడు 1700లోనే వృత్తులవల్ల కలిగే రోగాలమీద ఒక గ్రంథము వ్రాశాడు. పగలంతా కూర్చొని ఒకే తీరుగా చెయ్యి ఆడిస్తూ వ్రాసే గుమాస్తాల చేతులు ఎట్లా పాడవుతవో అందులో చెప్పాడు. రోగిని వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలలో 'నీవు ఏమి పని చేస్తావు?' అనేది తప్పక వుండాలని అన్నవాడు ఆయనే. మూడువందల సంవత్సరాలు దాటినవి. యీనాటికీ మన చీటీమీద ఆ ప్రశ్న వ్రాసేవారు తక్కువ. వారు అడుగకపోతే మనమే చెప్పవలెను: సాంచా నడుపుతాను, యిన్ని గంటలు, యిన్ని సాంచాలు అని.

ఎన్నిసార్లు చెయ్యి ఆడుతున్నదో మనమెప్పుడైనా లెక్కపెట్టామా? మీటర్లు లెక్కపెడతాము, పగారు లెక్కపెడతాము, చెయ్యి ఆడినది లెక్కపెట్టము. యీ ప్రసంగము కోసము మేము కూర్చొని లెక్క వేశాము. కండె ఎంతసేపు వస్తుందన్నది నూలు సన్నదనమునుబట్టీ కండె లావునుబట్టీ మారుతుంది. లెక్కకు పది నిమిషాలనుకొందాము. ఒక మనిషికి ఆరు సాంచాలు. గంటకు 36 కండెలు. పన్నెండు గంటల పాళీలో 432. ఒక్కొక్క కండెకు చెయ్యి చేసేది చూడండి: పిడి లాగి సాంచా ఆపుట, నాడె తీయుట, ఖాళీ కండె ఊడబెరుకుట, నిండు కండెను బొటనవ్రేలితో నొక్కి కూర్చోబెట్టుట, పోగును నాడె కంటిలోనుండి తీయుట, నాడెను తిరిగి పెట్టుట, పిడి తోయుట. ఏడు పనులు. 432 ఏడులు 3,024. తెగిన పడుగు పోగుల ముళ్ళు యీ లెక్కలో లేవు. క్రొత్త భీము ఎక్కినప్పుడు పాత పోగులకు క్రొత్త పోగులు అతికే పని అసలే లేదు. ఆ పని చేసేవారి వ్రేళ్ళు వేరే పురాణము. నాడె లేని రేపియర్ సాంచాలు వచ్చినచోట యీ కండెల బాధ తప్పినది. రాని షెడ్లు మనకు యింకా చాలా వున్నవి.

లెక్క అనగానే మా జిల్లావాడైన ఒక మనిషిని చెప్పకుండా ముందుకు పోలేము. చింతకింది మల్లేశముగారి పేరు మీరు వినే వుంటారు. 2019లో ఆయనమీద సినిమాకూడా వచ్చినది. ఆలేరు దగ్గర శారాజీపేట వారిది. పోచంపల్లి రకము చీర నేయుటకు ముందు ఆసు పోయవలెను. ఒక ప్రక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారముగా మేకుల వరుస. పోగును చేతితో ఆ మేకుకూ యీ మేకుకూ త్రిప్పుతూ పోవలెను. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేలసార్లు పోయి రావలెను. రోజుకు రెండు చీరలకు ఆసు పోసిన యిల్లాలి చెయ్యి పద్దెనిమిది వేలసార్లు ఆడినట్లు. మల్లేశముగారి తల్లి లక్ష్మమ్మగారు ఆ పని చేసి చేసి భుజము, మోచెయ్యి పట్టుకుపోయి, యిక చేయలేనని కొడుకుతో అన్నది. మన యిండ్లలో యిటువంటి మాట ఎంతమంది తల్లులు అనలేదు? ఎంతమంది కొడుకులము విన్నాము? ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు, చిన్న తరగతిలోనే బడి మానినవాడు. 1992లో ఆసు పోసే యంత్రము చేయాలని పూనుకొన్నాడు. డబ్బు లేదు, వూరిలో నవ్వినవారు వున్నారు, మధ్యలో ఆగి, హైదరాబాదులో కూలిపనికి పోయి, అక్కడ ఒక యంత్రము తిరిగే తీరు చూచి, తనకు చిక్కని కిటుకు పట్టుకొన్నాడు. 1999లో యంత్రము పూర్తి అయినది. తల్లి పేరనే లక్ష్మీ ఆసు యంత్రము అని పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చినది. 2017లో భారత ప్రభుత్వమువారు ఆయనకు పద్మశ్రీ యిచ్చారు.

పద్మశ్రీని గూర్చి మేము సంతోషించాము, సాలెవారి యింటికి వచ్చినదిగదా అని. కాని మాకు ఆశ్చర్యమనిపించేది అది కాదు. తల్లి నొప్పిని ఆయన ఒక విషయముగా తీసికొన్నాడు. 'అందరికీ వుండేదేగదమ్మా' అనలేదు.

మేము అన్నాము. దాచుట ఎందుకు? మా యింటామె పదకొండు సంవత్సరాలు కండెల మిషనుమీద పనిచేసినది. బొటనవ్రేలి వైపు మణికట్టు వాచి, గిన్నె ఎత్తితే చురుక్కుమంటున్నదని మాకు ఎన్నోసార్లు చెప్పినది. ఆడవాళ్ళకు వుండేదేలే అన్నాము. బట్టలు పిండుట, రొట్టెలు చేయుట, చంటిపిల్లను చంకలో వేసుకొనుట — యివన్నీ ఆ బొటనవ్రేలిమీదనే పడతవని మాకు తోచలేదు. ఆమె పాళీ మాకన్న పెద్దది; దానికి పగారు లేదు గనుక మేము లెక్కలో వేయలేదు. యిప్పుడు మా యింట బట్టలు పిండేది మేమే, ఎడమచేతితో. బాగా పిండమని ఆమె ఫిర్యాదు.

ఆమెకు వున్నది మాకు వచ్చినది కాదు. బొటనవ్రేలిని లాగే స్నాయువుల గొట్టము వాచుట అది. స్విట్జర్లాండులో డి కెర్వేన్ అనే శస్త్రవైద్యుడు 1895లో దీనిని వర్ణించినందున ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. బట్టలుతికేవారి బెణుకు అనికూడా పాశ్చాత్యులు అనేవారట. క్రొత్తగా బిడ్డను కన్న తల్లులకు ఎక్కువగా వస్తుంది. యిది తెలుసుకొనుటకు ఒక తేలిక పద్ధతి వున్నది. బొటనవ్రేలిని పిడికిలిలోపల మూసి, మణికట్టును చిటికెనవ్రేలి వైపుకు మెల్లగా వంచండి. బొటనవ్రేలి వైపు ప్రాణము పోయినట్లు నొప్పి లేస్తే అదే కావచ్చు. మాకు వచ్చినదానికి పరీక్ష వేరు. రెండు చేతుల వెనుక భాగాలను ఒకదానికొకటి ఆనించి, వ్రేళ్ళు క్రిందికి వుండేటట్లు మణికట్లను వంచి ఒక నిమిషము వుంచవలెను. ఆ నిమిషములో తిమ్మిరి వస్తే వైద్యుని దగ్గరకు వెళ్ళుటకు అది చాలు. మూడవది కూడా వున్నది: ప్రొద్దున లేచేసరికి వ్రేలు ముడుచుకొని కొక్కెము పడినట్లు వుండి, లాగితే టప్పున తెరుచుకొనుట. అదీ స్నాయువు వాపే. ఒక్క హెచ్చరిక. అకస్మాత్తుగా ఒక ప్రక్క చెయ్యి పడిపోయి, మూతి వంకర పోయి, మాట తడబడితే అది మణికట్టు సంగతి కాదు. ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తవలెను.

వైద్యుని దగ్గర మనకు వచ్చే చిక్కు భాష. తిమ్మిరి అనే మాటకు హిందీ దొరకక మనవారు 'దర్ద్ హై' అని వూరుకొంటారు. వైద్యుడు నొప్పి బిళ్ళలు వ్రాసి పంపుతాడు, ఆయన తప్పేమున్నది? నొప్పి వేరు, తిమ్మిరి వేరు. హిందీలో 'హాత్ సున్న్ హోతా హై' అనండి. మరాఠీలో 'హాతాలా ముంగ్యా యేతాత్' అనండి. చేతికి చీమలు వస్తున్నవని దాని అర్థము. మన చీమలూ వారి చీమలూ ఒకటే అయినందుకు మాకు మొదట నవ్వు వచ్చినది. 'రాత్రి నిద్రలో లేపుతున్నది' అన్న మాటగూడా తప్పక చెప్పండి. మేము 'దర్ద్' అని మాత్రమే చెప్పి ఎనిమిది నెలలు పోగొట్టుకొన్నాము.

మందుల విషయము. అమృతాంజనము సీసా లేని తెలుగు యిల్లు వుండదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో యీ బొంబాయి నగరములోనే దానిని మొదలుపెట్టారు. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా యిక్కడినుండే వెలువరించారు. పొట్టకోసము యీ గడ్డకు వచ్చిన తెలుగువారికి ఆయన పేరు తలచుకొంటే ధైర్యము వస్తుంది. అయినా ఉన్న మాట చెప్పవలెను. ఏ బామయినా పైచర్మమునకు హాయి చేస్తుంది. మణికట్టు లోపలి దారిని వెడల్పు చేయలేదు. వావిలాకు కాపడము కూడా అంతే. హాయిగా వుంటే చేసికొండి, అదే వైద్యమని నెలలు గడపకండి. గట్టిగా గుడ్డ బిగించి కట్టుట మాత్రము వద్దు. యిరుకులో వున్న నాడిని మరింత నొక్కినట్లవుతుంది. నొప్పి బిళ్ళలు వైద్యుని అడుగకుండా నెలల తరబడి మింగినవారికి కడుపులో పుండ్లు పడుట, మూత్రపిండాలు చెడుట కద్దు.

మొదటి దశలో చికిత్స చాలా తేలిక. రాత్రి పడుకొనేటప్పుడు మణికట్టు వంగకుండా నిటారుగా పట్టి వుంచే పట్టీ మందుల దుకాణాలలో దొరుకుతుంది. లోపల రేకు వుంటుంది. కొద్ది వారాలు ప్రతి రాత్రీ కట్టుకొంటేనే చాలామందికి మెలకువలు తగ్గుతవి. తగ్గకపోతే వైద్యుడు మణికట్టులో ఒక సూది వేయవచ్చు. అదీ చాలకపోతే ఆ పైకప్పు పట్టీని కోసి దారి వదులు చేసే చిన్న శస్త్రచికిత్స. చెయ్యివరకే మత్తు యిచ్చి, సాధారణముగా ఆనాడే యింటికి పంపుతారు. మధుమేహము, గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి లోపము వున్నవారికి యీ తిమ్మిరి త్వరగా వస్తుంది. కాబట్టి ఆ రక్తపరీక్షలు చేయించుకొండి. గర్భిణులకు వచ్చినది సాధారణముగా కాన్పు తరువాత తగ్గిపోతుంది, భయపడవలదు. తిమ్మిరి విడువకుండా రోజంతా వుండుట, వస్తువులు చేజారుట, బొటనవ్రేలి కండ పలుచబడుట — యివి కనిపిస్తే ఒక్క వారముకూడా ఆగవద్దు. మాకు అప్పటికి ఆలస్యమైనది.

విశ్రాంతి తీసికొండి అని వైద్యుడు వ్రాస్తాడు. మీటరుకు యింత అని పగారు వచ్చేవానికి ఆ మాట ఎట్లా వినబడుతుందో మాకు తెలుసు. విశ్రాంతికి కూలి ఎవరు యిస్తారు? 1948లో కార్మిక బీమా చట్టము వచ్చినది, జబ్బు రోజులకు కొంత భత్యము యిచ్చే ఏర్పాటు అందులో చేశారు. కాని పదిమందికి తక్కువ వున్న షెడ్లు దానిలోకి రాలేదు. ఒకే పైకప్పు క్రింద గోడ లేకుండా నాలుగు పేర్లతో నాలుగు ఖాతాలు ఎందుకు వున్నవో మీకు తెలియనిది కాదు. దానిని గూర్చి పోరాడవలసినవారు పోరాడవలెను; ఈలోపల చెయ్యి ఆగదుగదా. అందుచేత పని మానకుండా చేయగలిగినది ఏదో అదే చెప్పుతాము.

కండెల డబ్బా నేలమీద పెట్టుకోకుండా నడుము ఎత్తున పెట్టుకొండి; వంగి, మణికట్టు మడిచి తీసే పని తప్పుతుంది. కండెను బొటనవ్రేలి కొనతో కాక వీలైనంతవరకు అరచేతితో నొక్కండి. పిడి లాగేటప్పుడు మణికట్టు తిన్నగా వుంచి భుజముతో లాగండి. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. ఎడమచెయ్యి మొదట మొరాయిస్తుంది, పదిహేను రోజులకు దారికి వస్తుంది. దారము కత్తిరించే కత్తెర మొద్దుదైతే బొటనవ్రేలు రెట్టింపు పని చేస్తుంది, సాన పట్టించండి. ముడి వేసే చిన్న చేతిపరికరము అలవాటు చేసికొన్నవారికి వ్రేళ్ళు కొంత తెరిపి పడతవి. అరగంటకొకసారి ఒక నిమిషము వ్రేళ్ళు పూర్తిగా చాచి, ముడిచి, చేతులు వ్రేలాడదీయండి. ప్రక్క మనిషితో ఒప్పందము చేసికొంటే ఆ నిమిషము ఆయన మీ సాంచాలు చూస్తాడు, ఆయన నిమిషము మీరు చూస్తారు. మా షెడ్డులో తరువాత కుర్రవాళ్ళు యిట్లా చేసికొన్నారు. బట్ట తగ్గినదని ఎవరూ గమనించలేదు. భీము ఎత్తుటకు నలుగురు కావలెను, యిద్దరు చాలునని మీసము త్రిప్పవద్దు. యింట్లో కండెలు చుట్టే స్త్రీలు పీట ఎత్తు చూచుకొండి; మోచెయ్యికన్న మిషను ఎత్తుగా వుండరాదు.

మరొక్క సంగతి చెప్పి దిగిపోతాము. గత దీపావళికి మా మనుమడు, చదువుకొనే పిల్లవాడు, మా చెయ్యి పట్టుకొని ఆ గుంటలో తన బొటనవ్రేలు పెట్టి చూచాడు. "తాతా, ఇది ఎట్ల పోయింది?" అన్నాడు. సాంచా మీద పోయినదని చెప్పబోయి, ఆగాము. సాంచా మీద నొప్పి వచ్చినది; కండ పోయినది మాత్రము మేము నోరు మూసికొన్నందువల్ల. పిల్లవానికి అదంతా చెప్పాము. కొంత అర్థమైనట్లే వున్నది. మరునాడు వాళ్ళ నాయనను, "నీకు రాత్రి చీమలు వస్తున్నాయా?" అని అడిగాడట. మావాడు కొంచెము తటపటాయించి, వస్తున్నవని ఒప్పుకొన్నాడు. నాలుగు నెలలుగా వస్తున్నవట. మాకే తెలియదు. యిప్పుడు రాత్రిపూట పట్టీ కట్టుకొంటున్నాడు, తగ్గు ముఖము పట్టినది.

భోజనాలు అయిన తరువాత మేము మండపమునకు ఎడమప్రక్క, చెప్పులు విడిచేచోట కుర్చీ వేసికొని వుంటాము. పట్టీ ఒకటి తెచ్చాము, కట్టుకొనుట ఎట్లాగో చూపుతాము. ఇందిరా గాంధీ ఆసుపత్రికి పోవుటకు హిందీ మరాఠీ రానివారు ఎవరైనా వుంటే, ముఖ్యముగా స్త్రీలు, మా యింటామెకు చెప్పండి. ఆమె తోడు వస్తుంది. సోమవారమునాడు ఇద్దరు ముగ్గురిని తీసికొనిపోవుటకు ఆమె యిప్పటికే ఒప్పుకొన్నది. చీటీ తీయుటకు ప్రొద్దున్నే బయలుదేరవలెను.